‘ఆసక్తి లేదు’ అని నేను నింపిన అరవై మూడు ఫారాల గురించి

గద్వాల,
తేది: 14-11-2007

దూరవిద్య ప్రాంతీయ సమన్వయాధికారి గారి సముఖమునకు, గద్వాల అధ్యయన కేంద్రంలో పార్ట్‌టైమ్ కౌన్సెలర్ మహమ్మద్ నిజాముద్దీన్ సమర్పించుకొను అర్జీ.

విషయం: నా సర్వేను రద్దుచేసి, ఆదివారం తరగతులు తిరిగి నడిపించుట గురించి.

అయ్యా,

1. దూరవిద్యలో మహిళలు చదువు మానుటకు గల కారణములపై నా ఎం.ఫిల్. నిమిత్తం, ధరూర్ మండలంలోని అరవై మూడు మందికి ప్రశ్నావళి పోస్టులో పంపితిని. ఒక్కటీ తిరిగి రాలేదు.

2. గడువు ముంచుకొచ్చినందున, బస్టాండు ఎదుటి హోటల్లో కూర్చుని ఫారాలన్నీ నేనే నింపితిని. అనుమానం రాకుండా మూడు రకాల పెన్నులు వాడితిని. కారణం అను గడిలో అందరికీ “ఆసక్తి లేదు” అని రాసితిని. పరిశోధన పద్ధతి అను అధ్యాయంలో మాత్రం “ఇంటింటికీ వెళ్లి సేకరించడమైనది” అని ఉన్నది. గైడ్ గారు ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారు, పట్టా వచ్చింది, ఒక ప్రతి తమరి ఆఫీసుకూ చేరింది. ఆ రోజు నేను దోస్తులకు చాయ్ కూడా ఇప్పించాను.

3. సదరు సర్వే ఆధారంగా ఈ నెల నుండి ఆదివారం తరగతులు నిలిపివేసినట్లు తమరి ఉత్తర్వు అందినది. అది చదివాక మొన్న ధరూర్ వైపు ఒక ఊరికి వెళ్లాను. వెళ్లడం అదే మొదటిసారి.

4. అక్కడ చాలామంది చిరునామాగా కిరాణం దుకాణమే ఇస్తారు. పంతొమ్మిది కవర్లు పల్లికాయ బస్తాల వెనుక సుతిలి తాడుతో కట్టి ఉన్నవి. దుకాణదారు ఎల్లన్న అన్నాడు: “గుండ్రటి ముద్ర జూసి కోర్టు నోటీసులనుకున్న సార్. ఆడోళ్ల పేర్ల మీదొచ్చినయి, ఇండ్లల్ల లొల్లయితదని నేనే దాసిపెట్టిన.”

5. అందులో ఒకటి హన్మమ్మది. అంగన్‌వాడీలో ఆయా. డిగ్రీ పాసై టీచరు కావాలని ఆశ. “ఆదివారం పొద్దుగాల ఆటో నిండేదాంక కదలదు సార్. నేనొచ్చేసరికి క్లాసు అయిపోతుండె, గందుకే మానేసిన. మధ్యాన్నం పెడితే రేపే వస్త. ఒక్క మాట అడిగితే చెప్పకపోదునా?” అన్నది.

కావున నా పట్టా వాపసు తీసుకొని, తరగతులను మధ్యాహ్నానికి మార్చి నడిపించవలెనని, నా తప్పుతోపాటు ఆమె మాటను కూడా చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడనని రాసుకొనుటకు సిగ్గుపడుచు,
మహమ్మద్ నిజాముద్దీన్

మరొక మనవి: తరగతులు ఆగిపోయిన సంగతి హన్మమ్మకు చెప్పలేకపోయాను. ఈ ఆదివారం రెండు గంటలకు క్లాసు ఉందని చెప్పి వచ్చేశాను. మిగతా పద్దెనిమిది మందినీ తానే వెంటబెట్టుకొస్తానన్నది. మళ్లీ అబద్ధమాడాను సార్. గది తాళంచెవి తమరి ఆఫీసులో ఉంది.