రోట్లో నూరిన కేకు

1986 డిసెంబరు 23, మంగళవారం రాత్రి

కేకు బాగానే పొంగింది. ఇసుక పోసిన గిన్నెలో పెట్టి కుంపటి మీద కాల్చినా ఎక్కడా మాడలేదు. కోస్తే, కోకో కలిపిన నల్లటి పిండిలో వేరుశెనగ ముద్ద సుడులు తిరిగి ఎంత ముచ్చటగా ఉందో! ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని చెంబెడు నీళ్ళు తాగారు.

"ఏమే, ఇది క్రిస్మస్ కేకా, గొడ్డుకారమా?"

పొద్దున పండుమిరపకాయల పచ్చడి నూరిన రోట్లోనే వేరుశెనగ గుళ్ళూ నూరాను. కడిగాకే నూరాను గానీ, రాయి కారాన్ని వదల్లేదు.

కోడలు సరళ పడీపడీ నవ్వింది. "మా అమ్మకు కారం ఇష్టమే లెండి అత్తయ్యా, ఇదే పెట్టేద్దాం" అంది. అంటూనే ముఖం అటు తిప్పుకుంది.

పెళ్ళినాడు మా పేటకు వచ్చి, మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయిన వాళ్ళమ్మ మళ్ళీ రేపే రావడం. వేరుశెనగంటే ఆవిడకు ప్రాణమని సరళ చెప్పబట్టే ఈ కేకు తలపెట్టాను. మొదటి ముక్కకే నోరు మండితే ఇక మా ఇంట్లో ఏదైనా ముడుతుందా...

ప్రార్థన చేసుకుని లేచి, మళ్ళీ గుళ్ళు వేయించి పొట్టు తీసి పెట్టాను. తెల్లవారగానే చపాతీ పీట మీద సీసాతో మెత్తగా నూరుతాను. రోలు జోలికి పోను. ఆవిడ తినడం, తినకపోవడం ప్రభువు చూసుకుంటాడు. కారం తగలకుండా చూడటం నా పని.

ముక్క సరళ చేత ఇప్పిస్తే కాదనలేదేమో. వద్దు. నా చేత్తోనే ఇస్తాను.