రికార్డులు కడిగే మిషను ముట్టకు

నాయినా, కర్మన్‌ఘాట్ గుడి నుంచి రాంగనే ముందు ఇది చదువు. నువ్వు అమ్మ పాటల రికార్డులు కడగనీకి చేసిన మిషను ముట్టకు. అన్నం కుక్కర్ల ఉన్నది, పప్పు గిన్నెల ఉన్నది. బీపీ గోలీ మరువకు.

స్విచ్చు బంద్ చేయకుండనే పోయినవు. బల్ల తుడుస్తుంటే నా మోచెయ్యి దాని రేకుకు తాకింది. కరెంటు కొట్టి చెయ్యి మొత్తం జివ్వుమన్నది, పోయి గోడకు పడ్డ.

దిల్‌సుఖ్‌నగర్ తుక్కు దుకాణంల పాత మిక్సీ మోటరు, కూలరు పంపు తెచ్చినప్పుడు నేనే మెచ్చుకున్న. అమ్మ దాచుకున్న పాటలు దుమ్ము పోయి మళ్ల మంచిగ వినిపిస్తే నాకూ సంబురమే. కానీ నలభై ఏండ్లు రాట్నం మీద నూలు కండెలు చుట్టినవు. వేళ్లు తడుపుకొని చక్రం పట్టే అలవాటు నీకింకా పోలే. మొన్న ఈ మిషను మీద గూడ అట్లనే తడి చెయ్యి పెట్టబోతే నేను నవ్విన. రాట్నంల కరెంటు లేకుండె నాయినా. గా రోజు నవ్వకుండ నీ చెయ్యి పట్టి ఆపాల్సి ఉండె.

నాలుగింటికి ఎలక్ట్రీషియన్ వస్తడు. ఎర్తు వైరు వేసేదాక ఆ గదిల అడుగు పెట్టకు. ఎల్బీనగర్ల నా డ్యూటీ ఆరింటికి అయిపోతది. మధ్యల ఫోన్ చేస్తా, మొదటి రింగుకే ఎత్తు.

సుప్రియ

ప్లగ్గు పీకి, వైరు కత్తెరతోని కోసి, ఆ ప్లగ్గు నా బ్యాగుల వేసుకొని పోతున్న. సాయంత్రం ఎంత తిట్టినా పడ్త. తిట్టనీకి నువ్వుండాలె.