సౌజన్య ఫోన్‌లో చిన్ని

ఆదివారం, రాత్రి

అన్నవరంలో వ్రతం బాగా జరిగింది. కొండ దిగి కారెక్కామో లేదో, మా తోటికోడలు సౌజన్యకీ నాకూ మళ్ళీ ఫోన్ల గొడవ మొదలైంది.

"ఫోటో అంటే ఐఫోనే అక్కా. నా ల్యాప్‌టాప్, వాచీ అన్నీ దాంతో ఇట్టే కలిసిపోతాయండి," అంది.

"వాటితో తప్ప ఇంకెవరితోనూ కలవదుగా! నా ఆండ్రాయిడ్ ఏ కంప్యూటర్‌కి తగిలించినా పలుకుతుంది," అన్నాను.

ముందు సీట్లో ఆయన నవ్వుకున్నారు. రాజమండ్రి దాకా నాదే పైచేయి. అప్పుడు మా అమ్మాయి చిన్ని, "ఏదీ, ఇద్దరూ నా ఫోటోలు చూపించండి," అంది. మండపం దగ్గర ఇద్దరమూ దాన్ని ఫోటో తీశాం. అదే పట్టు పరికిణీ, అదే ఎండ. చూసి, "పిన్నిదే బాగుందమ్మా," అనేసింది. నాకు కళ్ళు కుట్టాయి. ఆ మాట ఈ డైరీలో కాక ఇంకెక్కడ రాసుకుంటాను?

ఇంటికొచ్చాక సౌజన్యను అడిగి ఆ ఫోటో పంపించుకున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి, పెద్దవి చేసి చూశాను. రంగుల్లో పెద్ద తేడా లేదు. నేను తీసినదాంట్లో చిన్ని బుద్ధిగా నిలబడింది. సౌజన్య తీసినదాంట్లో పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది, ఫోన్ పట్టుకున్న మనిషినే చూస్తూ.

నన్ను చూసి అలా నవ్వి ఎన్నాళ్ళయింది?

రేపు సౌజన్యకి ఫోన్ చేసి, కెమెరా విషయంలో ఐఫోనే గొప్పదని ఒప్పేసుకుంటాను. తేడా అంతా కెమెరాలోనే అయితే ఎంత బాగుండును.