పీకేసిన మూతలు

ఆటోనగర్,
ఆదివారం మధ్యాహ్నం.

సౌభాగ్యవతి సూర్యకళకు నీ భర్త తాతబాబు ప్రేమతో రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ క్షేమం. పోర్ట్ బ్లెయిర్‌లో నువ్వూ, మన నిఖితా, అల్లుడు ఉమామహేషూ, బుజ్జిగాడూ క్షేమమని తలుస్తాను. ‘ఇక్కడ అందరమూ క్షేమం’ అని కూడా రాశాను. రాసి కొట్టేశాను. పైన నల్లగా కనిపిస్తున్న గీత అదే.

నీ ఉత్తరం బుధవారం అందింది. నాలుగు పేజీల్లో మూడు పేజీలు తిట్లే. ఏడో తరగతితో వదిలేసిన రాతని, కూతురి పురిటి పనుల మధ్య మళ్ళీ పట్టించానని నీ కోపం. ‘ఆటోనగర్ నిండా మెకానిక్కులే కదా, ఫోన్ బాగుచేసే మనిషే దొరకలేదా నీకు?’ అని అడిగావు. ఆ జవాబు చివర్లో రాస్తాను. ముందు తేలికైనవి రాయనీ.

అన్నం వండుకుంటున్నాను. పప్పు రెండుసార్లు మాడింది, కుక్కర్ అడుగు నల్లబడింది. నువ్వు ఓడ దిగేలోపు తోమేస్తాను, తిట్టకు. హార్బర్ నుంచి పోతమ్మ పెద్దమ్మ చేపలు పంపుతూనే ఉంది, వద్దంటే వినదు. తుఫాను గాలికి లేచిన వంటింటి రేకు మళ్ళీ బిగించాను. బుజ్జిగాడికి నా పేరు కలిసేలా పెడతామంటున్నారట. వద్దని చెప్పు. ఎందుకో ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నువ్వే చెప్పగలవు.

ఇక నీ తమ్ముడి సంగతి. ‘నూకాలు గాడి ఊసు నాకు రాయకు. తాగి మిషన్ పట్టుకున్నోడికి కాలు తెగక ఏటవుద్ది? ఆడి మొహం నాను సూడను’ అని రాశావు. ఊసు రాయకుండా ఉండలేను. కోపం వచ్చినా చింపెయ్యకుండా చదువు సూర్యకళా, నీకు దణ్ణం పెడతాను.

తుఫాను తర్వాత సబ్బవరం వైపు కొత్త కాలనీల్లో చెట్లన్నీ కూలాయని నీకు తెలుసు. చెట్లు కోయించే కాంట్రాక్టు భీమశంకరరావుది, కోసేవాళ్ళలో మన నూకాలు ఒకడు. వాడి రంపం మిషన్ కొత్తది, లావు మానుల దగ్గర మూలుగుతోందని నా దగ్గరికి తెచ్చాడు. “మూతలు పీకేసి సెట్ సెయ్యి బావా” అన్నాడు.

మూతలంటే నువ్వు చూసినవే. కార్బరేటర్ మీద రెండు చిన్న స్క్రూలుంటాయి, ఇంజనుకి పెట్రోలు ఎంత వెళ్ళాలో వాటి చేతిలో ఉంటుంది. ఎవరు పడితే వాళ్ళు తిప్పకుండా కంపెనీవాళ్ళు వాటి మీద కందిగింజంత ప్లాస్టిక్ మూతలు బిగించి పంపుతారు. మూత ఉన్నంతకాలం స్క్రూ కొద్దిగా కదులుతుందే తప్ప చుట్టు తిరగదు. నువ్వు అన్నం క్యారేజీ తెచ్చినప్పుడు, నేను మూతలోకి మేకు ఎక్కించి పటకారుతో లాగుతుంటే, “పళ్ళ డాక్టరయిపోనావేటి మావా” అని నవ్వేదానివి.

మూత లాగడం ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత పనంతా చెవిది. ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు ఇంజను కాస్త గరగరలాడాలి. స్క్రూ లోపలికి తిప్పేకొద్దీ పెట్రోలు తగ్గి చప్పుడు సన్నబడుతుంది, చివరికి కీచుమంటుంది. స్పీడు పెరిగిందని అక్కడ వదిలేస్తే కొంప మునిగినట్టే. ఇంజను కాలిపోతుంది, పైగా రేస్ వదిలినా దిగదు. రేస్ దిగకపోతే రంపం చైను ఆగదు. అందుకని ఆ కీచు వినగానే గరగర దగ్గరికి వెనక్కి తిప్పాలి. మీటరు పెట్టి చూసుకునేవాళ్ళున్నారు. ‘తాతబాబు చెవే మీటరు’ అని అందరూ అంటుంటే పొంగిపోయి నేనేనాడూ మీటరు ముట్టుకోలేదు.

సెట్ చేసి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే వాడు మళ్ళీ వచ్చాడు.

“బావా, సౌండు సన్నంగా వత్తంది. ఓపాలి సూడు.”

స్టార్ట్ చేసి రేస్ ఇచ్చాను. నాకు బాగానే ఉంది. షెడ్డులో రిపేరుకొచ్చిన ఇద్దరు పార్టీలు నిలబడి చూస్తున్నారు, వాళ్ళ ముందు నాకు రోషం వచ్చింది. “హార్బర్‌లో బోటింజన్ల దగ్గర్నుంచీ ఇదే పని నాది. నువ్వు నాకు చెప్తావురా?” అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, “నువ్వు బాగుందంటే బాగున్నట్టే బావా” అని మిషన్ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నా చెవిని నమ్మి వాడి చెవిని వాడు నమ్మలేదని ఇవాళ్టిదాకా అనుకున్నాను.

ఆ రోజే కాలు తెగింది. ఒక కొమ్మ కోసి రేస్ వదిలి పక్కకి అడుగేశాడు. చైను ఆగలేదు. మోకాలి కింద నరం తెగింది. కాలు దక్కింది గానీ పాదం పైకి లేవడం లేదు. పట్టీ కట్టుకుని నడవగలడట, చెట్టెక్కడం మాత్రం ఈ జన్మకి లేదన్నారు.

సాయంత్రం మిషన్ నా షెడ్డుకే తెచ్చి పడేశారు. విప్పాను. పెట్రోలు చాలక ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. చుట్టు వరకూ తెరిచి ఉండాల్సిన స్క్రూలు అర చుట్టు దగ్గర ఉన్నాయి. ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు. నా చేతి పనే అది.

మర్నాడు ఆసుపత్రిలో భీమశంకరరావు పదిమంది ముందు నన్ను గట్టిగా అడిగాడు. “ఏటి తాతబాబూ, మీ బావమరిది మల్లీ మొదలెట్టీసినాడా? తాగొచ్చినోడికి నాను జవాబుదారీ కాదు.” తాగలేదని నాకు తెలుసు. మిషన్ ఎందుకు ఆగలేదో కూడా అప్పటికే తెలుసు. నేను తల దించుకున్నాను, సూర్యకళా. ఆ తల దించుకోవడమే సాక్ష్యమైంది. తాతబాబే ఒప్పుకున్నాడని సబ్బవరమంతా పాకి, ఎవరో ఫోన్ చేస్తే సముద్రం దాటి నీ దాకా వచ్చింది. నిఖిత పెళ్ళిలో వాడు తాగి చేసిన గొడవ నువ్వు మర్చిపోలేదు, వెంటనే నమ్మేశావు. ఆ తర్వాత వాడు చుక్క ముట్టలేదు. నిన్ను నమ్మించినవాణ్ణి నేనే.

ఎందుకు నోరు విప్పలేదో రాస్తాను. నాకు చెవులు పోయాయి.

పూర్తిగా కాదు. లావు చప్పుళ్ళు వినిపిస్తాయి, సన్నటివి రావు. ఇంజను గరగర వినిపిస్తుంది, కీచు వినపడదు. కుక్కర్ విజిల్ వినపడకే పప్పు మాడింది. ఎదుటి మనిషి పెదాలు చూసి సగం, అలవాటు కొద్దీ సగం నెట్టుకొస్తున్నాను. రెండేళ్ళుగా అనుమానం ఉంది, నువ్వు అడిగితే కసురుకున్నాను. మొన్న డాక్టరు దగ్గరికి పోయి పరీక్ష చేయించుకున్నాను. పోయినవి తిరిగి రావన్నాడు. ఈ మాట బయటికి వస్తే నా షెడ్డుకి ఎవడొస్తాడు, మనం ఏం తిని బతకాలి అని భయపడ్డాను. ఆ భయంతో నీ తమ్ముణ్ణి తాగుబోతుని చేశాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఇవాళ పొద్దున్న వార్డుకి వెళ్ళి వాడికి అంతా చెప్పాను. వాడు గోడ వైపే చూస్తూ విన్నాడు. తర్వాత నాకు పెదాలు కనిపించేలా ఇటు తిరిగాడు.

“నాకాయేళే తెల్సింది బావా. రేస్ ఇచ్చి నువ్వు మిషనేపు సూడనేదు, నా మూతేపు సూసినావు.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?”

“సెప్తే నీ కాడికెవుడొత్తాడు?” కోపంగానే అన్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. “ఊరోలు ఏటనుకున్నా పర్లేదు. అప్పకి మటుకు సెప్పు. నాను తాగనేదని అప్పకి సెప్పు, సాలు.”

అందుకే ఈ ఉత్తరం. కవర్లో చిన్న పొట్లంలో ఉన్న రెండు మూతలు వాడి మిషన్‌వే. మేకు దిగిన చిల్లులు చూడు, ఇంక బిగించడానికి పనికిరావు. రేపు పొద్దున్న భీమశంకరరావు మనుషులు చైన్లకి పదును పెట్టించడానికి వస్తారు. వాళ్ళ ముందు నిలబడి ఇదంతా చెప్తాను. మళ్ళీ తల దించుకుంటానేమోనని ముందు నీకు రాసి పోస్టు చేస్తున్నాను. ఆ తర్వాత ఎలా బతుకుతామో నాకు నిజంగా తెలియదు.

ఫోన్ సంగతి. అది పాడవలేదు, ఇక్కడే బల్ల మీద ఉంది. బుజ్జిగాడు పుట్టిన పదకొండో రోజున నువ్వు ఫోన్ వాడి నోటి దగ్గర పెట్టావు. తర్వాత, “ఇన్నావా మావా, ఎలగ ఏడుత్తన్నాడో” అన్నావట. చేపలు తెచ్చి పక్కనే ఉన్న పోతమ్మ పెద్దమ్మ స్పీకర్లో విని నాకు మళ్ళీ చెప్పింది. నేను నవ్వి, “అచ్చం నా గొంతే” అన్నాను. నాకేమీ వినపడలేదు సూర్యకళా. ఫోన్లో గాలి చప్పుడు కూడా వినపడలేదు. ఆ రోజు నుంచే ఫోన్ పాడైందని చెప్పాను.

ఈ ఉత్తరం చదివాక నువ్వు ఫోన్ అందుకుంటావని నాకు తెలుసు. నాకు చెయ్యకు. నూకాలుకి చెయ్యి. దిండు పక్కన ఫోన్ పెట్టుకుని, మోగినప్పుడల్లా నువ్వేనేమోనని చూస్తున్నాడు. నన్ను తిట్టాలనుకున్నవన్నీ వాడికి చెప్పు. బుజ్జిగాడి ఏడుపు కూడా వినిపించు. వాడికి వినపడుతుంది.

ఇట్లు,
నీ మావ
తాతబాబు