ఉత్తకాళ్ళ మొక్కు

బెంగళూరు,
9-8-2009.

అమ్మకు,

నీ పాదాలకు దణ్ణం పెట్టి సత్యశ్రీ రాసేది. ఈసారి పాదాలన్న మాట అలవాటుకొద్దీ రాయలేదు, ఎందుకో చివర్లో చెబుతాను. నేనిక్కడ కులాసా. నువ్వూ తమ్ముడు సూరిబాబూ అక్కడ కులాసాయేనని రాశావు. అందులో నిజమెంతో కూడా చివర్లోనే తేల్చుకుందాం.

అక్షరాలు కోడి గీరినట్టున్నాయని విసుక్కోకు. ఇన్నాళ్ళూ స్నేహితురాలి చేత రాయించాను. ఇది మాత్రం చేతికి పట్టీ కట్టుకుని, అందులో పెన్ను దూర్చి నేనే రాస్తున్నాను. పేజీకి ఒక పూట పడుతోంది. నువ్వూ ఎవరి చేతా చదివించుకోకు. అయిదో తరగతి చదివినదానివి, కూడబలుక్కుని చదువుకో.

నా ఫొటో చూసి మూడు ప్రశ్నలు అడిగావు. ఆడపిల్లవి, మగాళ్ళ మధ్యన ఆ ఆటేమిటే అన్నది మొదటిది. చక్రాల కుర్చీ రగ్బీలో ఆడా మగా ఒకే జట్టులో ఆడతారమ్మా. పైగా ఆడమనిషి బరిలో ఉంటే జట్టుకి కాస్త వెసులుబాటు కూడా ఇస్తారు. అందుకే మా జట్టులో దానం అని కాకినాడ అతను, నేను కనిపిస్తే చాలు, "రండి మహాలక్ష్మిగారూ" అంటాడు. ఎనిమిదేళ్ళ కిందట నన్ను మొదటిసారి చూసి "ఈవిడా?" అని నవ్వింది కూడా అతనే.

దెబ్బలు తగలవా అని రెండోది. తగలకేం? కుర్చీలు గుద్దుకుంటే రేకుల షెడ్డు మీద కొబ్బరికాయ రాలినట్టు మోత. రెండుసార్లు కుర్చీతో సహా బోర్లాపడ్డాను. బంతిని ఒళ్ళో పెట్టుకుని గీత దాటించేది దానం. నా పని వేరు. నా కుర్చీ ముందు ఇనప కొక్కెం ఉంటుంది, దాంతో ఎదుటివాడి చక్రం పట్టేసి కదలనివ్వను. ఇన్నేళ్ళలో నేను వేసిన గోల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అదీ నా పనిచెయ్యని వేళ్ళ మీద! అయినా మొన్న ఢిల్లీలో నెగ్గాక అందరూ కలిసి నన్నే కెప్టెన్‌ని చేశారు. ఆ పూట నువ్వు పక్కన ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఇక మూడోది. "నడక ఎంతవరకు వచ్చిందే?" ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. ఆట ఆడితే కాళ్ళకి బలం వస్తుందట, నెమ్మదిగా నడక వస్తోంది అని ప్రతిసారీ రాయించాను.

మొన్న సూరిబాబు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మ కాలు చూస్తే భయమేస్తుందే. ముల్లు దిగి పుండయ్యింది. షుగరు కదా, నెల్లాళ్ళయినా మానలేదు. ఇలాగే ఉంటే వేలు తీసెయ్యాలంటున్నారు డాక్టరుగారు."

"చెప్పులేసుకోమని చెప్పలేకపోయావురా?"

"చెప్పేను. సత్య నడిచేక ఏసుకుంటానంది."

ఆటో కాలవలో పడి నా మెడ విరిగిన ఏడాది, నేను నడిచి గుడికి వచ్చేదాకా చెప్పులు తొడగనని అప్పనపల్లి స్వామికి మొక్కావు. పదేళ్ళు, అమ్మా. మండే రోడ్డు మీదా, పల్లేరుకాయల గట్ల మీదా పదేళ్ళు.

అమ్మా, నేను నడవను. ఎప్పటికీ నడవను. ఎనిమిదేళ్ళుగా నాకీ సంగతి తెలుసు. ఈ ఆటలో చేరాలంటే ముందు డాక్టర్లు ఒళ్ళంతా పరీక్షించి, ఏది పనిచేస్తుందో, ఏది ఇక ఎన్నటికీ చెయ్యదో కాగితం రాస్తారు. అది ఉంటేనే బరిలోకి రానిస్తారు. నా కాగితంలో రెండు కాళ్ళూ కొట్టేశారు. ఆ రోజు బాత్రూంలో కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని, వేలిముద్ర వేసి ఆటకి వెళ్ళాను. నా నడక కోసం నువ్వు ఉత్తకాళ్ళతో తిరుగుతుంటే, నడవనని ఒప్పుకుని నేను కెప్టెన్‌నయ్యాను. చెబితే ఆశ తెగి మంచం పడతావని దాచాను. పిరికిదాన్ని. పుండు దాచావని నిన్ను తిట్టే మొహం నాకెక్కడిది? నువ్వే నన్ను తిట్టు, నెల రోజులు మాట్లాడకు. కాలు మాత్రం పోగొట్టుకోకు. మన ఇద్దరికీ కలిపి నడిచేవి ఆ రెండు కాళ్ళే.

సూరిబాబుని గుడికి పంపి పూజారిగారిని అడిగించాను. "ఆయ్, పిల్ల ఎలా వస్తే ఏముందండీ, వస్తే చాలు. మొక్కు తీరినట్టే" అన్నారట. కార్తీకంలో వస్తాను. నా కుర్చీ మీదే వస్తాను.

అప్పటిదాకా ఆగక్కర్లేదు. దీంతోపాటే పార్సిల్లో మెత్తటి చెప్పులు పంపుతున్నాను, షుగరు ఉన్నవాళ్ళ కోసం చేసినవి. కొట్టువాడు కొలత అడిగితే చెప్పలేకపోయాను. అప్పుడు గుర్తొచ్చింది, నీ చెప్పులు వేసుకుని కాలేజీకి పారిపోతే నువ్వు తిట్టేదానివి కదూ? అందుకని నా కాళ్ళకే తొడిగించుకుని చూశాను.

సరిగ్గా సరిపోయాయమ్మా. వేసుకుని నడువు.

ఇట్లు,
నీ చెప్పులు దొంగిలించే కూతురు,
సత్యశ్రీ