పడుగు తాగిన గంజి

ఓబులేసూ,

నేను సోమందేపల్లి బస్సుకు పోతున్నాను. లేపితే మగ్గం మీది పడుగు మాట ఎత్తుతావని లేపలేదు.

ఈ పూట అన్నం వార్చిన గంజి పడుగు నూలుకు పట్టించే కుండలో పోయవద్దు. ఉప్పు వేసి మొత్తం నీ పెళ్ళాం రత్నమ్మకే తాగించు. తాగేదాకా పక్కనే కూర్చో. లేకుంటే తనే లేచి పడుగుకు పోసేస్తుంది. ఆ పిల్లకు మనం నేర్పింది అదే.

నిన్న హిందూపురంలో డాక్టరు వేలితో నొక్కితే ఆమె కాలిమీద గుంట పడి అట్లే నిలిచింది. మరలో తెల్లగా పట్టించిన బియ్యంలో తవుడుతో పాటే బలం పోతుందట. మిగిలింది గంజిలో పోతుందట. మాత్రలిచ్చి, రాగి సంగటి పెట్టమన్నాడు. రెండో మగ్గం వచ్చాక సంగటి నామోషీ అని మాన్పించింది నేనే. ఇప్పుడు ఆ రాగుల కోసమే పోతున్నాను.

మీ అమ్మ కాళ్ళూ ఇట్లే ఉబ్బాయి. "ఒక లోటా గంజి నాకుంచయ్యా, కాళ్ళు మొద్దుబారతాండాయి" అని అడిగింది. "పడుగు తాగనీ, మిగిలితే తాగుదువులే" అన్నాను. ఆమె పోయేదాకా ఏనాడూ మిగల్లేదు.

ఇంట్లో బియ్యం ఈ పూటకే ఉన్నాయి. గంజి లేకుంటే పోగులు తెగుతాయని నాకూ తెలుసు. ఏం చేయాలో తోచడం లేదు. నన్ను అడగవద్దు.

మీ నాయన

మీ అమ్మ గంజి అడిగిన ఆ పడుగులో ఒక్క పోగు కూడా తెగలేదు.