సీటు కింద స్పానర్

మంగళవారం, మియాపూర్

ఈరోజు ఆఫీసులో సేఫ్టీ మీటింగు. ఎయిర్‌ఫోర్స్ అనుభవం ఒకటి చెప్పమని హెచ్ఆర్ అమ్మాయి అడిగితే ఎప్పటిలాగే స్పానర్ కథ ఎత్తుకున్నాను. సరుకు విమానం రిపేరయ్యాక పనిముట్లు లెక్కపెడితే ఒక స్పానర్ తగ్గింది. అది దొరికేదాకా విమానం ఎగరకూడదు. నలుగురం లోపలంతా వెతికాం. చివరికి పైలట్ సీటు కింద నేనే పట్టుకున్నాను. ఆఫీసు కుర్రాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఆ స్పానర్ మధ్యాహ్నం నుంచీ నా జేబులోనే ఉందని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. వెతుకుతుంటే చేతికి తగిలింది. సీటు కింద పెట్టి, నేనే తీశాను. ఆ రోజు పనిముట్లకు బాధ్యుడిగా సంతకం పెట్టింది నా కింద పనిచేసే యాదగిరి. శిక్షగా వాడి సెలవు రద్దయింది. చెల్లెలి పెళ్లికి వెళ్లలేకపోయాడు.

పోయిన నెల వాడు మా ఆఫీసు బిల్డింగులోనే సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాడు. ఈరోజు తలుపు దగ్గర నిలబడి వింటున్నాడని కథ సగంలో చూశాను. అయినా ఆపలేదు. వాడికేం తెలుసులే అనుకున్నాను. ఇన్నేళ్లకీ అదే బుద్ధి.

తర్వాత లిఫ్టు బటన్ వాడే నొక్కాడు.

"మంచిగ చెప్పిన్రు సార్," అన్నాడు. నేను లోపలికి వెళ్లాక నెమ్మదిగా అన్నాడు, "గా సీటు కింద మీకంటె ముందు నేను రెండుసార్లు చూసిన."

రేపు పొద్దున గేటు దగ్గర ఎప్పటిలాగే సెల్యూట్ కొడతాడు. నేను తిరిగి కొట్టాలి.